చేబదులు పుస్తకాలు

సోమవారం పొద్దున మూడిళ్ల అల్లుడు ఒక కవరు తెచ్చి ముద్రమ్మ బల్ల మీద పెట్టి, కూర్చోకుండా నిలబడే ఉన్నాడు. అక్కడే ఆవిడకి అనుమానం తగిలింది. మంచి కబురైతే ఆయన ముందు కూర్చుంటాడు, టీ తెప్పించుకుంటాడు, సగం గ్లాసు అయ్యాక గానీ నోరు విప్పడు.

మూడిళ్ల అల్లుడంటే ఆ శాఖా గ్రంథాలయం ఇన్‌ఛార్జి. మూడు గ్రంథాలయాలు ఆయన ఒక్కడి నెత్తిన పెట్టారు. ఇక్కడికి సోమవారం, శుక్రవారం వస్తాడు. మర్యాదలు అందుకుంటాడు, సంతకాలు పెడతాడు, మిగతా రెండిళ్లు చక్కబెట్టుకోవడానికి వెళ్ళిపోతాడు. ఆ పేరు పెట్టింది ఎదురు వరస టైలరు. ముద్రమ్మకి ఆ పేరు ఎవరు పెట్టారో మాత్రం ఎవరికీ గుర్తులేదు. ఇరవై ఆరేళ్లుగా ఆవిడ ఆ బల్ల వెనక కూర్చుని, పుస్తకం వెనకట్ట తెరిచి, లోపల అంటించిన చీటీ మీద తేదీ ముద్ర కొడుతోంది. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు.

కబురు ఇదీ. మూడేళ్లుగా ఎవరూ తీసుకెళ్ళని పుస్తకాలన్నిటినీ అలమారాల్లోంచి తీసేయాలి. శుక్రవారం పై ఆఫీసు నుంచి అధికారి వచ్చి చూస్తాడు. శనివారం లారీ వస్తుంది. పుస్తకాలు కాగితం మిల్లుకి పోతాయి. చోటు చాలడం లేదు కాబట్టి ఈ ఏర్పాటు అని ఉత్తరంలో ఉందిట. ఇన్‌ఛార్జి మొదటి పేరా చదివి మొత్తం అర్థమైందనుకునే మనిషి. మిగతాది మడిచి ఆవిడ చేతికిచ్చాడు.

నిజం చెప్పొద్దూ, ముద్రమ్మకి లోలోపల సంతోషమే వేసింది. ఆవిడ స్టూలు పక్కన కింది అరలో కొన్ని పుస్తకాలున్నాయి. కోళ్ల జబ్బులు, పన్ను నిబంధనలు, ఇంటి కప్పు మరమ్మతులు. ఆ మరమ్మతుల పుస్తకాన్ని ఆ భవనం కట్టినవాళ్లు కూడా తెరిచి ఉండరు. పీడా విరగడవుతుంది, ఆ అరలో మంచి నవలలు సర్దుకోవచ్చు అనుకుంది.

కంప్యూటరు జాబితా తియ్యడానికి గంట పట్టింది. పద్దెనిమిది కాగితాలు వచ్చాయి. మొదటి కాగితం మీద మొదటి పేరు ఉప్పుమడుల నవల, మొదటి భాగం. రెండోది దాని రెండో భాగం. ముద్రమ్మ కళ్లద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. నలుగురు అక్కచెల్లెళ్ల నవల ఉంది. తంతి ఆఫీసు గుమాస్తా కథలు ఉన్నాయి. పడవ తయారుచేసే ముసలాయన ఆత్మకథ ఉంది. కోళ్ల జబ్బులు ఎక్కడా లేదు. కారణం ఆవిడకి వెంటనే తెలిసిపోయింది. ఆ కారణం ఆవిడే.

కంప్యూటరు వచ్చి నాలుగేళ్లయింది. దానితో పాటు పాత కార్డులన్నీ చెల్లకుండా పోయాయి. కొత్త కార్డు కావాలంటే సొంత చిరునామా రుజువు పట్టుకుని ఊరి అవతల ఉన్న పై ఆఫీసుకి వెళ్ళాలి. ఆసుపత్రి ఆయా ముగ్గురితో కలిసి ఒక అద్దె గదిలో ఉంటుంది, ఆవిడకి రుజువెక్కడిది? టైలరుకి ఉన్నది మిషను, దాని మీద రేకు. ఇస్త్రీ ఆవిడకి బండి. ఇలాంటివాళ్లే పుస్తకాలు చదివేవాళ్లు. కార్డు చెల్లదని ఎలా చెబుతాం మొహం మీద? "చేబదులుగా తీసుకెళ్ళండి, చదివి తెచ్చెయ్యండి" అనేది ముద్రమ్మ. రాతా కోతా లేదు. ఏ పుస్తకం ఎవరింట్లో ఉందో ఆవిడ బుర్రలో ఉండేది. నాలుగేళ్లలో ఒక్క పుస్తకం పోలేదు.

ఇక రెండోది నెలాఖరు లెక్క. నెలకి రెండు వందల పుస్తకాలు బయటికి వెళ్ళినట్టు చూపించకపోతే ఆ శాఖ మూసేస్తామని పై ఆఫీసు ఎప్పుడూ ఒక బెదిరింపు పెట్టి ఉంచేది. చెల్లే కార్డులు పదకొండు, అన్నీ పరీక్షలకి చదువుకునే పిల్లలవి. వాళ్లు సొంత పుస్తకాలు తెచ్చుకుని ఇక్కడ ఫ్యాను కింద కూర్చుంటారు. అందుకని నెలాఖరు రోజు ముద్రమ్మ వంగి, చేతికందిన కింది అర పుస్తకాలు తీసి, ఆ పదకొండు కార్డుల మీద రాసి, ముద్రలు కొట్టి, మళ్ళీ అక్కడే పెట్టేది. లేచి దూరం అలమారాకి వెళ్ళడానికి బద్ధకం, మోకాళ్ల నొప్పి. అంతకు మించిన ఆలోచన ఏమీ లేదు. అలా గడప దాటని కోళ్ల పుస్తకానికి చీటీ నిండా ముద్రలు పడ్డాయి. ఇంటింటికీ తిరిగి అట్టలు మెత్తబడ్డ నవలలకి ఒక్కటీ పడలేదు.

*

మంగళవారం ఆవిడ జాబితా పట్టుకుని అలమారాల మధ్య తిరిగింది. ఉన్నవి బల్ల మీదికి చేర్చాలి. తీసిన ప్రతి పుస్తకంలోంచీ ఒక చీటీ బయటికి తొంగి చూస్తోంది.

ఆ చీటీల అలవాటు రెండేళ్ల కిందటిది. ఆ ఏడు వానలకి వెనక గది కప్పు కారి రెండు అలమారాలు తడిసిపోయాయి. పుస్తకాలు బెంచీల మీద పరిచి, పేజీకీ పేజీకీ మధ్య పాత పత్రికలు పెడుతూ ఆరబెట్టింది ముద్రమ్మ. తడి పేజీని తొందరపడి తిప్పితే చిరుగుతుంది. ఒక్కో పేజీ దగ్గర ఆగాలి. ఆగినచోట కళ్లు ఊరుకోవు కదా. చిన్నప్పుడు దీపం ఆర్పమని తిట్లు తిన్న పిల్లే ఆవిడ. ఉద్యోగంలో చేరాక పుస్తకాల వీపులు తప్ప లోపల చూడలేదు. రోజంతా పుస్తకాలు మోసినవాళ్లకి సాయంత్రం పుస్తకం చూస్తే చిరాకు. అలాంటి మనిషి ఉప్పుమడుల నవల నలభయ్యో పేజీ దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. మడిలో నీళ్లు ఎండే దాకా కాచుకుని ఉన్న ముసలమ్మని వదిలి లేవలేకపోయింది. ఆ రోజు రెండు బస్సులు తప్పిపోయాయి. యాభై ఆరేళ్ల వయసులో తనకి మళ్ళీ అలా జరుగుతుందని ఆవిడ అనుకోలేదు. ఇంటికెళ్ళేసరికి కళ్లు వాచి ఉంటే, వాళ్లాయన ఎవరు పోయారని కంగారు పడ్డాడు.

మర్నాడు పేపరు చూడటానికి వచ్చిన ఆయాకి ఆ పుస్తకం బలవంతాన అంటగట్టింది. వారం తర్వాత అది తిరిగొచ్చినప్పుడు లోపల మందుల పొట్లం కాగితం మీద రాసి ఉంది: "మొదటి ముప్పై పేజీలు మందు మింగినట్టు మింగండి. తర్వాత మీకే తెలుస్తుంది." ముద్రమ్మ ఆ కాగితాన్ని తియ్యలేదు. తర్వాత చదివిన టైలరు, కొలతలు రాసుకునే పుస్తకంలోంచి ఒక ముక్క చింపి తనూ రాశాడు: "చెయ్యి తిరిగినవాడు కుట్టింది. ఎక్కడా దారం వేలాడలేదు." అప్పటినుంచి ఎవరు ఏం చదివినా తర్వాతివాళ్లకి ఒక మాట రాసి లోపల పెట్టడం మొదలైంది. ఏ పుస్తకం తీసుకోవాలో ముద్రమ్మని అడిగేవాళ్లు. ఆవిడ మనిషి మొహం చూసి, ఆ వారం వాళ్లకి ఏం జరిగిందో కనుక్కుని, ఒకటి తీసిచ్చేది. అడగక ముందే జవాబు సిద్ధంగా ఉండేది. జీవితంలో తనకి చేతనైన పని ఒకటుందని అప్పుడే ఆవిడకి తెలిసింది.

జాబితాలో ఉన్న పుస్తకాల్లో అరవై రెండు ఇప్పుడు అలమారాల్లో లేవు. ఇళ్లల్లో ఉన్నాయి.

సాయంత్రం ఇంట్లో కూరగాయలు తరుగుతూ వాళ్లాయనకి చెప్పింది. ఆయన ముప్పై ఏళ్లు ఒక పెద్ద భవనంలో లిఫ్టు నడిపాడు. రోజంతా పైకీ కిందకీ తిరిగి ఎక్కడికీ వెళ్ళని మనిషిని నేనే అని తన మీద తనే జోకు వేసుకునేవాడు. పుస్తకం ముట్టడు గానీ, రోజూ ఆవిడ రాగానే "మనవాడు ఎక్కడిదాకా వచ్చాడు?" అని కథ అడుగుతాడు. ఇవాళ అడగలేదు. విని, చిక్కుడుకాయ ఈనె తీశాడు.

"ఇళ్లల్లో ఉన్నవాటిని ఇళ్లల్లోనే ఉండనియ్యి" అన్నాడు. "ఎవరడుగుతారు?"

ఆవిడ ఒప్పుకోలేదు. పుస్తకాలు లెక్కకి రాకపోతే పోయినట్టు రాస్తారు, తీసుకెళ్ళినవాళ్లు దొంగలవుతారు. ఇరవై ఆరేళ్లుగా పుస్తకం వెనక్కి తెమ్మని అడిగిన నోటితో దాచుకోండని ఎలా చెప్పడం? అదీగాక ఆవిడకి ఒక ఆశ ఉంది. అరవై రెండు పుస్తకాలూ తెప్పించి, అలమారాల్లో ఉన్నవాటితో కలిపి, చెల్లే కార్డుల మీద ఈ వారమే కంప్యూటర్లో ఎక్కించేస్తే జాబితాలోంచి పోతాయి. చీటీలతో సహా బల్ల మీద పరిస్తే, వచ్చే అధికారికి కళ్లుంటాయి కదా, చూస్తాడు.

"కళ్లుంటాయి" అన్నాడాయన.

*

బుధవారం, గురువారం ఆవిడ కబురు మీద కబురు పంపింది. పుస్తకాలు తెచ్చెయ్యండి, శుక్రవారం సాయంత్రం మళ్ళీ పట్టుకెళ్ళొచ్చు, పూచీ నాది. ఎవరూ ఎందుకని అడగలేదు. ముద్రమ్మ అడిగింది, అంతే.

ఆయా రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. సంచిలోంచి నాలుగు పుస్తకాలు తీసింది, ఒక్కోదానికి ఆసుపత్రి పాత క్యాలెండరుతో అట్ట వేసి ఉంది. ఒకటి ఇంకా పూర్తి కాలేదని, ఇంకో పద్నాలుగు పేజీలే ఉన్నాయని చెప్పి, అక్కడే నిలబడి చదవడం మొదలుపెట్టి, కునుకు ఆగక మూసేసింది. రేపు సాయంత్రం తీసుకుంటానులే అంది. టైలరు తెచ్చినదాంట్లో విడిపోయిన కుట్టు ఉండేది. దాన్ని మైనం పట్టించిన దారంతో కుట్టి తెచ్చాడు, కొత్తదానికన్నా గట్టిగా ఉంది. గురువారం మూసేవేళకి అరవై ఒకటి వచ్చాయి. మిగిలింది ఒక్కటే, ఉప్పుమడుల నవల మొదటి భాగం. అది ఇస్త్రీ ఆవిడ దగ్గరుంది. ఆవిడ చెల్లెలి పురిటికి వెళ్ళి పది రోజులైంది, కబురు అందలేదు.

ముద్రమ్మ అరవై ఒక్కటీ, బల్ల మీదికి చేర్చిన మిగతావీ కంప్యూటర్లో ఎక్కించింది. ఒక్కోదానికి వెనకట్ట తెరిచి, తేదీ చీటీలో ఖాళీ చోట ముద్ర కొట్టింది. ఈ నాలుగేళ్లలో నిజంగా చదివిన పుస్తకాలకి ముద్ర వెయ్యడం ఇప్పుడే కదా అనిపించి నవ్వు వచ్చింది. ఆ సాయంత్రం వాళ్లాయనకి ఏదో కథ కూడా చెప్పింది.

*

శుక్రవారం వచ్చిన అధికారి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే బాగుండేది, తిట్టుకోవడానికి ఒక మనిషి దొరికేవాడు. కళ్లద్దాలు తాడుతో మెడలో వేలాడుతున్నాయి. వచ్చీ రాగానే మంచినీళ్లు అడిగి తాగాడు. బల్ల మీద వరసగా పేర్చిన పుస్తకాలు చూశాడు. తంతి ఆఫీసు గుమాస్తా కథలు చేతిలోకి తీసుకుని మొదటి పేజీ చదివాడు. పేజీ తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. ముద్రమ్మ ఆయన కాళ్ల వైపు చూస్తోంది. చదివేవాడు నిలబడే తీరు ఆవిడకి తెలుసు, ఒంటి బరువు ఒక కాలి మీదికి మారుతుంది. ఆయన బరువు మారింది. లోపలి చీటీ చదివి చిన్నగా నవ్వాడు కూడా. టైలరు రాసిన చీటీ అది: "అన్నం తినే ముందు మొదలుపెట్టకండి."

తర్వాత పుస్తకం మూసి, తీసినచోటే పెట్టాడు.

ఇవన్నీ ఈ వారం ఎక్కించినవి కదా అని అడిగాడు. ముద్రమ్మ అవునంది. ఆయన జేబులోంచి ఉత్తరం నకలు తీసి ఆఖరి వరస మీద వేలు పెట్టాడు. గడిచిన నెలాఖరు వరకు ఉన్న లెక్కే లెక్క, ఆ తర్వాత ఎక్కించినవి చెల్లవు అని అక్కడ ఉంది. ఇన్‌ఛార్జి ముద్రమ్మ వంక చూశాడు, ముద్రమ్మ ఉత్తరం వంక చూసింది. నవలలు ఆఖరి మాట దాకా చదివే మనిషి ఆ ఉత్తరాన్ని ఆఖరి దాకా చదవలేదు.

అప్పుడు ఆవిడ వంగి, కింది అరలోంచి కోళ్ల జబ్బుల పుస్తకం తీసి ఆయన ముందు పెట్టి, వెనకట్ట తెరిచింది.

"ఈ ముద్రలన్నీ దొంగ ముద్రలు సార్" అంది. "దీన్ని ఎవరూ తీసుకెళ్ళలేదు. నేనే కొట్టాను. నిజంగా చదివినవి అవీ."

అధికారి కళ్లద్దాలు తీసి తాడుకి వదిలేశాడు.

"ఆ మాట నేను వినలేదమ్మా" అన్నాడు మెల్లగా. "విన్నానంటే మీ ఇద్దరి మీదా కాగితం రాయాలి. రాసినా ఈ పుస్తకం కూడా లారీ ఎక్కుతుంది గానీ, ఆ పుస్తకాలు దిగవు. మీకు ఇంకా ఎంత సర్వీసు ఉంది?"

రెండేళ్లని చెప్పింది. కోళ్ల పుస్తకాన్ని ఆయనే మూసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఇవి మంచి పుస్తకాలేనని, తనకి తెలుసునని అన్నాడు. ఆవిడ చేసినదానికి ఆయన ఇవ్వగలిగింది ఆ మాటే.

లారీ ఎక్కే ప్రతి పుస్తకం మొదటి పేజీ మీద రద్దు ముద్ర పడాలి. లేకపోతే మిల్లు గేటు దగ్గరినుంచి బజారుకి చేరతాయని పై ఆఫీసు భయం. ఎర్ర సిరా డబ్బా, కొత్త రబ్బరు ముద్ర అధికారే తెచ్చాడు. ముద్ర కొట్టాల్సింది ఎవరో చెప్పనక్కర్లేదు.

మధ్యాహ్నం నుంచి కొడుతూ కూర్చుంది. ముందు లోపలి చీటీ తీసి పక్కన పెట్టడం, అట్ట తెరవడం, కొట్టడం, పక్కకి జరపడం. వంద దాటాక చెయ్యి తనంతట తనే పని చేస్తోంది. అది చూసే ఆవిడకి భయం వేసింది. అక్కచెల్లెళ్ల నవలకి కొట్టింది. ఆయా పద్నాలుగు పేజీలు మిగుల్చుకున్నదానికి కొట్టింది. ఉప్పుమడుల రెండో భాగం దగ్గర చెయ్యి ఆగింది. అధికారి ఎదురుగా కూర్చుని జాబితాలో టిక్కులు పెడుతున్నాడు, తరవాతి పేరు కోసం తలెత్తాడు. కొట్టింది. మొదటి భాగం గురించి అడిగితే కనబడటం లేదని చెప్పింది. పోయినట్టు రాసుకున్నాడు. నాలుగేళ్లలో ఆ ఒక్కటే పోయింది.

అయిదింటికి టైలరు వచ్చాడు, చెప్పిన ప్రకారం తన పుస్తకం తీసుకోవడానికి. గుమ్మంలోనే ఆగిపోయాడు. తను కుట్టిన పుస్తకం ఎడమ వైపు దొంతరలో ఉంది. దగ్గరికొచ్చి, తీసి, ఎర్ర ముద్ర చూసి, కుట్టు మీద బొటనవేలు రాసి చూసుకున్నాడు. సిరా ఇంకా ఆరలేదు, వేలికి అంటుకుంది.

"ఇంట్లో పెట్టేసుకుంటే సరిపోయేది కదక్కా" అన్నాడు.

"నేను తెమ్మన్నాను తమ్ముడూ" అంది ముద్రమ్మ. "నా మాట మీద తెచ్చారు అందరూ."

అతను పుస్తకాన్ని దొంతరలో మళ్ళీ పెట్టాడు. వంకరగా పడితే సరిచేసి మరీ పెట్టాడు. ఆవిణ్ణి ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఆవిడ ఆ రాత్రి నిద్రపోయేదేమో.

ఆయా రాలేదు. డ్యూటీ మారిందిట. ఆ పద్నాలుగు పేజీల్లో ఏముందో ముద్రమ్మకి తెలుసు, చెప్పొచ్చు. కానీ చెప్పడం, చదవడం ఒకటి కాదని ఆ ఆయాకే రెండేళ్లుగా తను బోధించింది.

*

శనివారం పదింటికల్లా లారీ వచ్చి వెళ్ళిపోయింది. మూడు వందల నలభై పుస్తకాలు మోయడానికి ఇద్దరు మనుషులకి అరగంట పట్టలేదు. అలమారాలు సగం ఖాళీ అయ్యాయి. చోటు చాలడం లేదన్న ఉత్తరం ఇంకా బల్ల మీదే ఉంది. తీసిన చీటీలన్నీ ముద్రమ్మ టిఫిన్ డబ్బా సంచిలో కుక్కి పెట్టుకుంది. ఏం చేస్తుందో ఆవిడకే తెలియదు. ఏ చీటీ ఏ పుస్తకానిదో ఇప్పటికి తెలుసు, ఏడాది పోతే అదీ గుర్తుండదు.

పదకొండింటికి ఇస్త్రీ ఆవిడ వచ్చింది. పొద్దున్నే ఊరి నుంచి దిగి, బండి తెరవకుండానే వచ్చినట్టుంది, చేతిలో ప్రయాణపు సంచి అలాగే ఉంది. చెల్లెలికి ఆడపిల్ల పుట్టిందని, ఇద్దరూ బాగున్నారని చెప్పింది. ఆలస్యమైనందుకు ఏమీ అనుకోవద్దంది. ఇస్త్రీ చేసిన చొక్కాలా మడతపెట్టిన గుడ్డలోంచి ఉప్పుమడుల నవల మొదటి భాగం తీసి బల్ల మీద పెట్టింది. పురిటి మంచం పక్కన కూర్చుని రోజూ చదివిందిట, చెల్లెలికి కూడా బయటికి చదివి వినిపించిందిట. చదువు నాలుగో తరగతితో ఆపేసిన మనిషి. ఇన్నాళ్లూ చీటీ రాయమంటే నా రాత ఎవరు చూస్తారమ్మా అని తప్పించుకునేది. ఈసారి పుస్తకంలో చీటీ ఉంది. పెద్ద పెద్ద అక్షరాలు, రెండు చోట్ల కొట్టివేత: "ఇందులో ముసలామె మా అమ్మ తిట్టినట్టే తిడుతుంది. తప్పకుండా చదవండి."

ముద్రమ్మ దాన్ని రెండు సార్లు చదివింది.

"రెండో భాగం ఉందా అమ్మా?" అని అడిగింది ఇస్త్రీ ఆవిడ. "ఆ ముసలామె ఉప్పు అమ్మిందో లేదో చెల్లెలు ఒకటే గొడవ."

బల్ల మీద ఎర్ర సిరా డబ్బా మూత ఇంకా పెట్టలేదు. ముద్రమ్మ దాని మూత బిగించింది. నిజం చెబుదామనే అనుకుంది, కానీ ఆ సంచి, ఆ చీటీ చూశాక నోరు రాలేదు.

"ఎవరో తీసుకెళ్ళారు" అంది.

"చదవనివ్వండి పాపం, తొందరేముంది" అంది ఇస్త్రీ ఆవిడ. "వాళ్లు తెచ్చాకే నేను తీసుకుంటాను. నా పేరు గుర్తు పెట్టుకోండి చాలు."

అందాకా మొదటి భాగం దగ్గరే ఉంచుకోమని ముద్రమ్మ దాన్ని మళ్ళీ ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ ఆశ్చర్యపోయి, అలాగేనంటూ గుడ్డలో చుట్టుకుంది. ఈలోగా చదవడానికి ఇంకొకటి ఏదైనా మంచిది చెప్పమంది, ఎప్పుడూ అడిగినట్టే. ముద్రమ్మ అలవాటుగా అలమారాల వైపు తిరిగింది. ఆ మనిషి మొహం చూసింది, ఈ వారం ఆవిడకి ఏం జరిగిందో తెలుసు, ఏ పుస్తకం ఇవ్వాలో కూడా తెలుసు.

"ఇప్పుడేం లేవమ్మా" అంది.

ఇస్త్రీ ఆవిడ పర్లేదని, మళ్ళీ వారం వస్తానని చెప్పి వెళ్ళిపోయింది. చదువుకునే పిల్లలు ఫ్యాను కింద తలలు వంచుకుని ఉన్నారు. గోడ మీద క్యాలెండరు వైపు చూసింది ముద్రమ్మ. నెలాఖరు. రెండు వందల లెక్క ఇంకా చూపించాలి. ఆవిడ స్టూలు మీద కూర్చుని, తేదీ ముద్ర సరిచేసుకుని, కింది అరలోకి వంగి కోళ్ల జబ్బుల పుస్తకం తీసింది. వెనకట్ట తెరిచి, పాత ముద్రల కింద మిగిలిన చోటులో ఇంకొకటి కొట్టింది.